శీనుకి, ఊరెళ్ళిపోయిన కుర్రాడి గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు బాగా ఆలస్యమైంది, క్షమించు. ఇక్కడ అంతా కులాసా. అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చుక్కల మందు నడుస్తోంది. బుజ్జిది తొమ్మిదో తరగతిలోకొచ్చింది. మిగతా కబుర్లు ఫోన్లో చెప్పుకుందాం, ఇప్పుడు వాటికి టైము లేదు.

నీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు చూడు, అప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. నీ డాక్యుమెంటరీలో నువ్వు తీస్తున్న ఇద్దరు ఇంటర్ కుర్రాళ్ళలో ఒకడు ఫీజు కట్టలేక ఊరెళ్ళిపోయాడనీ, వాడి బదులు అదే సెక్షన్లో ఇంకొకణ్ణి వెతుకుతున్నాననీ. ఒరే, ఆ పని మాత్రం చెయ్యకు. నీ సినిమా ఇప్పుడే మొదలైంది. నువ్వేమో ఇక్కడే ఆపేస్తున్నావు.

‘హూప్ డ్రీమ్స్’ అనే అమెరికన్ డాక్యుమెంటరీ నువ్వు చూసి ఏళ్ళయింది కదా, మళ్ళీ పెట్టుకుని చూడు. ఈసారి బాస్కెట్‌బాల్ కోసం కాదు, స్కూల్లోంచి గెంటేసిన పిల్లాడి వెనక కెమెరా ఎలా వెళ్ళిందో చూడు. షికాగోలో పేద పేటల పిల్లలు ఇద్దరు, విలియమ్ గేట్స్, ఆర్థర్ అగీ. పద్నాలుగేళ్ళ వయసులో ఇద్దర్నీ ఊరవతల వెస్ట్‌చెస్టర్‌లోని సెయింట్ జోసెఫ్ అనే ప్రైవేటు స్కూలు ఆట కోసం తీసుకుంది. పోను గంటన్నర, రాను గంటన్నర. దాన్ని తీసిన స్టీవ్ జేమ్స్, ఫ్రెడరిక్ మార్క్స్, పీటర్ గిల్బర్ట్ మొదట అనుకున్నది టీవీకి అరగంట సినిమా. అది కాస్తా దాదాపు ఐదేళ్ళ చిత్రీకరణ, 250 గంటల ఫుటేజీ అయి, చివరికి మూడు గంటలకి ఓ పది నిమిషాలు తక్కువ సినిమాగా 1994లో బయటికొచ్చింది. లెక్క వేసుకో, తెరమీద ఒక్క నిమిషానికి దగ్గర దగ్గర 88 నిమిషాలు తీశారు.

అసలు మలుపు ఎక్కడంటే, రెండో ఏడు మధ్యలో ఆర్థర్ ఇంట్లో ఫీజు కట్టలేకపోయారు. స్కూలు వాణ్ణి పంపించేసింది. విలియమ్‌కి ఫీజు భరించే దాత దొరికింది, వాడు అక్కడే ఉన్నాడు. ఆ రోజుకి చూస్తే సినిమా విలియమ్‌దే. పేరూ వాడిదే, పత్రికల్లో ఫొటోలూ వాడివే. ఆర్థర్ తన పేటలోని మార్షల్ అనే ప్రభుత్వ బడిలో చేరాడు. నీలాగే వాళ్ళూ ఇంకో ఆటగాణ్ణి వెతుక్కుని ఉండొచ్చు. వెతుక్కోలేదు. ఆర్థర్ వెంట మార్షల్‌కి వెళ్ళారు.

తర్వాత జరిగింది ఏ స్క్రిప్టూ రాయలేదు. విలియమ్ మోకాలు దెబ్బతింది, ఆపరేషన్లు, తొందరపడి మళ్ళీ ఆట కోర్టులోకి దిగడం, మళ్ళీ నొప్పి. చదువుకుంటూనే తండ్రి కూడా అయ్యాడు. అటు ఆర్థర్ జట్టు 1991లో రాష్ట్ర స్థాయి పోటీలకి వెళ్ళి మూడో స్థానంలో నిలిచింది. స్కూలు వద్దన్నవాడు ఆ స్కూలు జట్టుకంటే ముందుకెళ్ళాడు.

ఇంకో సంగతుంది, అది మనవాళ్ళకి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆర్థర్ చదువు పూర్తి కావాలంటే పాత స్కూల్లో చదివిన మార్కుల కాగితాలు కావాలి. బకాయి తేలేదాకా ఇవ్వమన్నారు. తల్లిదండ్రులు వెళ్ళి ఆఫీసులో కూర్చుని వాయిదాలు మాట్లాడుకుంటారు. ఆ సీను చూస్తుంటే టీసీ కోసం కాలేజీ కౌంటర్ ముందు చేతిలో కవరు పట్టుకుని నిలబడే మన నాన్నలే కనపడతారు. మీవాడి సర్టిఫికెట్లు కూడా ఆగి ఉంటాయి, కనుక్కో. ఆగి ఉంటే వాళ్ళ నాన్న వాటికోసం వెళ్ళే రోజు నువ్వు అక్కడుండాలి. లోపలికి కెమెరా రానివ్వకపోతే బయట మెట్ల మీద ఉండు. లోపలికెళ్ళే మొహం, బయటికొచ్చే మొహం, ఆ రెండు షాట్లు చాలు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఆర్థర్ అగీ వాళ్ళింట్లో బిల్లు కట్టక కరెంటు తీసేశారు. ఇల్లంతా చీకటి. కెమెరావాళ్ళు అది తీశారు, తీశాక మళ్ళీ కరెంటు రావడానికి డబ్బు సాయం చేశారు. దీనిమీద నువ్వు నాతో పోట్లాడతావని తెలుసు, డాక్యుమెంటరీవాడు చెయ్యి పెట్టకూడదని. పెట్టాలి శీనూ. నెలల తరబడి వాళ్ళ చాప మీద కూర్చుని వాళ్ళ టీ తాగి, పిల్లలు చీకట్లో ఉంటే ఫోకస్ సరిచేసుకుంటూ కూర్చోవడం నీతి కాదు. ఆర్థర్ వాళ్ళమ్మ షీలా ఒకచోట ఎదురుగా ఉన్నవాళ్ళనే అడుగుతుంది, నెలకి 268 డాలర్లతో నేనెలా బతుకుతున్నానో మీకెప్పుడైనా ఆశ్చర్యం వేసిందా అని. ఆ ప్రశ్నని కోసెయ్యకుండా సినిమాలో ఉంచారు, అందుకే నాకు వాళ్ళమీద అంత గౌరవం. తర్వాత సినిమాకి డబ్బొస్తే రెండు కుటుంబాలకీ వాటా ఇచ్చారు.

అయితే సాయానికి హద్దు ముందే గీసుకో. మందులు, కరెంటు, బస్సు చార్జీ, ఇలాంటివి ఇవ్వు. ‘ఈ మాట చెప్పు, ఇంత ఇస్తా’ అని మాత్రం ఎప్పుడూ వద్దు. ఇచ్చింది నోట్‌బుక్‌లో తేదీతో రాసి పెట్టు.

ఒప్పుదల కాగితాల విషయం. కుర్రాడి నాన్న సంతకం చాలదు. కుర్రాడి ఇష్టం వేరేగా, వాడికి అర్థమయ్యే తెలుగులో, ఒక్క పేజీలో తీసుకో. ఏడాదికోసారి మళ్ళీ అడుగు, పద్దెనిమిది నిండాక మళ్ళీ సంతకం పెట్టించు. పదహారేళ్ళకి సరే అన్నది పందొమ్మిదేళ్ళకి సిగ్గనిపించొచ్చు. ఫైనల్ కట్‌కి ముందు వాడి ఒక్కడికీ, ఇంట్లోవాళ్ళు కూడా లేకుండా చూపించు. తీసెయ్యమన్నది తీసెయ్. లైంగిక వేధింపు లాంటిది ఏదైనా కెమెరా ముందు బయటపడితే అది నీ దగ్గర దాచుకునే సంగతి కాదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో కింద పోలీసులకి తెలియజెయ్యడం తప్పనిసరి, వాడి పేరూ మొహమూ ఊరూ బయటికి రాకూడదు. చచ్చిపోవాలనుందని ఎవరన్నా అన్నారా, కెమెరా ఆపు, పక్కన కూర్చో, ఇంట్లో పెద్దవాళ్ళని పిలువు, మానసిక సాయం హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఫోన్లో పెట్టుకో. రిజల్ట్స్ రోజు ఏ పిల్లాడి గదిలోకీ కెమెరాతో వెళ్ళకు. దీనిమీద నేను వాదనకి రాను.

సౌండు గురించి తొందరగా. హాస్టల్లో తీసింది వినపడట్లేదన్నావు. దానికి కారణాలు రెండు. ఒకటి సీలింగ్ ఫ్యాను. మాట్లాడినంతసేపూ ఆపెయ్, పదినిమిషాలకోసారి గాలి ఇవ్వు, ఎండాకాలం వాళ్ళు ఉడికిపోతారు. రెండోది ఎవరూ పట్టించుకోనిది, మెడలో ఐడీ కార్డు. ఆ తాడు కాలర్ మైకుని గీస్తూనే ఉంటుంది. మైకు చొక్కా లోపల ఛాతీ మీద టేపుతో అంటించు, తాడు పక్కకి తిప్పించు. తీసిన ప్రతి గదిలోనూ ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం ఖాళీ సౌండు రికార్డు చేసుకో, ఎడిటింగ్‌లో అతుకులు కనపడవు. ఇక డిస్కులు: వీడియో సెకనుకి 50 మెగాబిట్ల (ఎంబీపీఎస్) లెక్కన తీస్తే గంటకి 22 జీబీ పైనే. 250 గంటలంటే ఐదున్నర టీబీ దాటుతుంది. రెండు కాపీలు తప్పనిసరి, రెండోది వేరే ఇంట్లో. ఏ రోజుది ఆ రాత్రే ఐదు లైన్లలో రాసి పెట్టు. ‘హూప్ డ్రీమ్స్’ వాళ్ళకి ఎడిటింగే మూడేళ్ళు పట్టింది, రాయకుండా ఉంటే నీకు ఆరేళ్ళు.

మనుషులు తక్కువుండాలి. దర్శకురాలు రీమా దాస్‌ని చూడు. అస్సాంలో తన ఊరు ఛాయ్‌గావ్ దగ్గరే, ఊరి పిల్లలతోనే, రాయడం దగ్గర్నుంచి కెమెరా, ఎడిటింగ్ దాకా తనే చేసి, ఏళ్ళ తరబడి సహజమైన వెలుతుర్లోనే తీసింది ‘విలేజ్ రాక్‌స్టార్స్’. 65వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం అదే. అది కథాచిత్రమే, కానీ పిల్లలు ఆమెను చూసి బిగుసుకుపోరు. తర్వాతి ‘బుల్‌బుల్ కెన్ సింగ్’ మన ఊళ్ళలో ప్రతి తల్లీ తండ్రీ చూడాలి, ఒక అబ్బాయీ అమ్మాయీ కలిసి కనపడితే ఊరు వాళ్ళని ఏం చేస్తుందో. ఆ సీను తలుచుకుంటే ఇప్పటికీ... సరే, దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తా. నువ్వు ఆ ఐదుగురు బృందాన్ని హాస్టల్లోకి తీసుకెళ్ళకు. నువ్వు, సౌండ్ చూసే ఇంకొకరు, అంతే.

ఆ ఊరెళ్ళిన కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు? పొలమా, సెల్ షాపా, ప్రైవేటుగా పరీక్ష కడతాడా? పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నాడు, పాత స్నేహితులు ఫోన్ చేస్తున్నారా, స్టడీ మెటీరియల్ అటక మీద పడేశాడా, ఎవరికన్నా ఇచ్చేశాడా? ఇవన్నీ నువ్వు రాయలేదు. నీకే తెలియదేమో. మొదటిసారి కెమెరా బ్యాగులోంచి తియ్యకు. ఇంట్లోవాళ్ళతో భోంచేసి రా. రెండోసారి వాడే అడుగుతాడు, తియ్యట్లేదా అన్నా అని. అడక్కపోతే మూడోసారి కూడా తియ్యకు.

కాలేజీలో ఉన్నవాణ్ణి కూడా ఆపకు, ఇద్దరూ కావాలి. ఇద్దరి పుట్టినరోజులూ, ఫీజు గడువులూ, పరీక్షల తేదీలూ, పండగ సెలవులూ ఒకే క్యాలెండర్లో వేసుకో, ఎప్పుడు ఎవరి దగ్గరుండాలో అదే చెబుతుంది. పైగా ఆ వయసులో ఆర్నెల్లు వదిలేస్తే గొంతు మారిపోతుంది, మీసం వస్తుంది. ఆ మార్పు మళ్ళీ ఎక్కడా దొరకదు.

సంతకాల కాగితం నమూనా ఇందులోనే మడిచి పెట్టా, రెండో పేరా నీకు నచ్చినట్టు మార్చుకో. బుజ్జి స్కూలు బస్సొచ్చే టైమైంది, ఈ కవరు కూడా దారిలోనే పోస్టు చెయ్యాలి. ఆ కుర్రాడి ఊరికి బస్సు ఎక్కడ్నుంచో కనుక్కుని

(వచ్చేసింది బస్సు. ఉంటా.)

నీ
రాంబాబు