కాలనీ సంక్షేమ సంఘం: 2025-26 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, కాలనీ కుటుంబాలన్నిటికీ నమస్కారం.

వినాయక చవితి, కార్తీక వనభోజనాలు, ఉగాది పచ్చడి, వేసవి మజ్జిగ పందిరి ఎప్పటిలాగే బాగా జరిగాయి. పందిరికి నెలన్నర పాటు రోజూ పెరుగు పంపిన రెండో వీధి పాల బూత్ వారికి, కుండలు ఇచ్చిన పిన్నిగారికి, ఎండలో నిలబడి గ్లాసులు అందించిన వాచ్‌మన్ కుటుంబానికి సంఘం తరఫున కృతజ్ఞతలు. మిగతా దాతల పేర్లు బోర్డు మీద రాయించాం. ఈ ఏడాది నేను వివరంగా చెప్పాల్సింది వేరే ఉంది.

జూన్‌లో మన సంఘం ఆన్‌లైన్ పేజీ పోయింది. 2014 అక్టోబరు 12న మన విశాఖ మీదికి హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, కరెంటు తిరిగొచ్చిన వారంలోనే మొదలుపెట్టిన పేజీ అది. పడిపోయిన చెట్లు, ఎగిరిపోయిన రేకులు, వీధిలో పొయ్యి పెట్టి అందరికీ వండిన రోజులు, తర్వాత మనం నాటిన మొక్కలు, చనిపోయిన పెద్దల ఫోటోలు అన్నీ అందులోనే ఉండేవి. ఒకరోజు పొద్దున్న తెరిస్తే మన ఖాతా నిబంధనలకు విరుద్ధంగా ఉందని ఒక్క ముక్క కనిపించింది. ఏ నిబంధనో రాయలేదు. అడుగుదామంటే ఫోన్ నంబరు లేదు, వెళ్దామంటే ఆఫీసు లేదు. ఫారం నింపిన ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. అటువైపు మనిషి ఉన్నాడో లేడో నాకిప్పటికీ తెలియదు.

సభ్యులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి కంపెనీకి మన దేశంలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 2025లో ఉన్న గడువు ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. అందుకోసం 2023 జనవరిలో కేంద్రం మూడు కమిటీలు వేసింది. ఇవన్నీ మనకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. ముందే తెలుసుకోకపోవడం కార్యదర్శిగా నా తప్పు, సభ ముందు ఒప్పుకుంటున్నాను. కానీ దాదాపు పదకొండేళ్లు మన ఇళ్ల ఫోటోలు, మన పిల్లల ముఖాలు తీసుకున్న కంపెనీ, ఒక్క ప్రశ్నకి జవాబివ్వకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఇదంతా మనకు ఉచితంగా వచ్చిందనుకున్నాం. మన సొంతమనీ అనుకున్నాం.

అప్పుడు నాలుగో వీధి మాస్టారు గారు ఒక మాటన్నారు: "ఇళ్లల్లో ఆల్బమ్‌లు ఉన్నాయిగా." అక్కడి నుంచి మొదలైంది. రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగాం. బీరువాల్లోంచి, అటకల మీంచి ఆల్బమ్‌లు తీశారు. కొందరు పాత ఫోన్లు తెచ్చి, ఛార్జర్ కోసం వెతికి మరీ ఫోటోలు ఇచ్చారు. అక్టోబరు 12 ఆదివారం, హుద్‌హుద్‌కి పదకొండేళ్లు నిండిన రోజున, కమ్యూనిటీ హాలులో తాళ్లు కట్టి, క్లిప్పులు పెట్టి ప్రదర్శన చేశాం. కాలనీ వదిలి మధురవాడ, గాజువాక వెళ్లిపోయిన వాళ్లు కూడా వచ్చారు. చనిపోయిన భర్త తుపాను మర్నాడు గొడ్డలి పట్టుకుని రోడ్డు మీద చెట్టు నరుకుతున్న ఫోటో ముందు ఒక అత్తయ్యగారు చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ దగ్గర ఆ ఫోటో లేదు, ఎదురింటి వాళ్ల దగ్గర ఉంది. మర్నాడే ప్రింటు తీయించి ఇచ్చాం. ఈ సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వం కలిగించింది ఇదే.

స్కానింగ్ పనికి పద్నాలుగు మంది యువకులు పేర్లిచ్చారు. వచ్చింది ముగ్గురు. ఆ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. మిగతా వాళ్లు గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు. బొమ్మలతో పని జరగదు నాయనా, ఆదివారం ఒక్క గంట రండి.

ప్రదర్శన అయిన రెండో రోజే, అక్టోబరు 14న, గూగుల్ విశాఖలో డేటా సెంటర్ పెడుతుందన్న ఒప్పందం ఢిల్లీలో జరిగింది. అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి అన్నారు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు వినిపించాయి. మన పిల్లలకి ఉద్యోగాలొస్తే అందరికంటే ముందు సంతోషించేది మనమే. అయితే డేటా సెంటర్‌లోని కంప్యూటర్లను చల్లబరచడానికి నీళ్లు కావాలి, కరెంటు కావాలి. అడవివరం పక్కనే ముడసర్లోవ జలాశయం ఉంది. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే కాలనీ మనది. ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి, ఎంతమందికి శాశ్వత ఉద్యోగం అని మూడే ప్రశ్నలు రాసి, 126 సంతకాలతో మన ప్రజాప్రతినిధికి ఇచ్చాం. మూడుసార్లు వెళ్లాం. సార్ బిజీ అన్నారు. ఎన్నికలప్పుడు ఇదే హాలులో నేల మీద కూర్చుని మన టీ తాగిన మనిషి. ఈ నివేదిక రాసే రోజు వరకు ఒక్క లైను జవాబు లేదు.

గెడ్డ (మన కాలనీ కాలువ) పూడిక సంగతీ అంతే. యాప్‌లో ఫిర్యాదు పెడితే 'పరిష్కారమైంది' అని వచ్చింది, కింద వేరే ఏదో వీధి కాలువ ఫోటో పెట్టారు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి, ఆ ఫోటో ఎక్కడిదని అడిగాం. 30 రోజుల గడువులో జవాబు రాలేదు కానీ, ఇరవై రెండో రోజున జేసీబీ వచ్చింది. ఇక మీదట ప్రతి ఫిర్యాదూ కాగితం మీద రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. దరఖాస్తు రాసిచ్చిన రిటైర్డ్ తహసీల్దారు బాబాయి గారికి ధన్యవాదాలు.

జమాఖర్చుల కాగితాలు వెనక బల్ల మీద ఉన్నాయి, ఆడిట్ అయింది. ప్రదర్శన ఖర్చు చందాల్లోంచే సరిపోయింది. పందొమ్మిది ఇళ్ల నుంచి మెయింటెనెన్స్ బకాయి ఉంది, దయచేసి ఈ నెలాఖరుకి కట్టండి.

స్కాన్ చేసిన ఫోటోలు మూడు హార్డ్ డిస్కుల్లో, మూడు వేర్వేరు ఇళ్లలో దాచాం. కావలసిన వారు పెన్ డ్రైవ్ తెచ్చుకుని కాపీ చేసుకోవచ్చు. పేరు రాయని ఆల్బమ్‌లు నాలుగు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. నీలం అట్ట ఆల్బమ్‌లో ఒక పెళ్లి ఫోటోలు ఉన్నాయి, వెనక సింహాచలం గాలిగోపురం కనిపిస్తుంది. ఎవరిదో చూసి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి