నాన్న కంచంలో ఆదివారం బ్రెడ్డు

రాయగడ,
ఆదివారం రాత్రి

ప్రియమైన బావకు,

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు నా చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. చిన్నది ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది కానీ నీతో సరిగ్గా నాలుగు మాటలైనా ఆడలేకపోయాను. "రాత్రి తొమ్మిదింటికి పిండి కలపడం ఏమిటి?" అని నువ్వు అడిగావు. ఆ సంగతి ఫోనులో చెబితే సగమే చెప్పినట్టవుతుంది. అందుకని అందరూ పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

మా ఇంటి ఆదివారం బ్రెడ్డు నీకు గుర్తుండకపోవడం అసాధ్యం. నాన్న జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసే రోజుల్లో ఆదివారం సాయంత్రం సంచిలో రెండు బ్రెడ్డు ప్యాకెట్లు, ఒక వెన్న ప్యాకెట్టు పట్టుకుని వచ్చేవారు. అమ్మ బంగాళాదుంపలు ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి కూర చేసి ఉంచేది. ఆ తర్వాత గూట్లోంచి చేతి టోస్టరు దిగేది. రెండు అల్యూమినియం పలకలు, పొడుగాటి కాడలు, కర్ర పిడులు, పిడుల చివర ఒక ఇనుప కొక్కెం. పొయ్యి మీద అటు రెండు నిమిషాలు, ఇటు రెండు నిమిషాలు కాల్చి కొక్కెం తీస్తే, మధ్యలో గీత పడి రెండు త్రికోణాలుగా విడిపోయే శాండ్‌విచ్. అంచుల దగ్గర వెన్న కాగి ఎర్రగా, గాజులా పెళుసుగా ఉండేది. ఆ అంచు కోసమే నువ్వు వీధి అవతలి నుంచి పరుగెత్తుకు వచ్చేవాడివి. అమ్మ మొదటి ముక్క ఎప్పుడూ నీకే ఇచ్చేది, పరాయి ఇంటి పిల్లవాడు ఎదురుచూడకూడదని.

ఆ ఆనవాయితీ మేము మానలేదు. నా పిల్లలకు కూడా ఆదివారం రాత్రి అన్నం ఉండదు, బ్రెడ్డే. మారిందల్లా నాన్న విషయం. ఆయనకు బీపీ ముందునుంచీ ఉంది, నాలుగేళ్ల క్రితం షుగరు కూడా బయటపడింది. అప్పటినుంచి ఆదివారం రాత్రి మేమంతా వంటింట్లో బ్రెడ్డు తింటుంటే, ఆయన ముందుగదిలో ఒక్కరే రాగి జావ తాగేవారు. ఎవరూ వెళ్లమనలేదు. వాసన తగిలితే మనసు లాగుతుందని ఆయనే వెళ్లిపోయేవారు. మొన్న వేసవిలో ఒక ఆదివారం చిన్నది తన ముక్క పట్టుకెళ్లి "తాతయ్యా, ఇది నీకు" అంది. నాన్న చెయ్యి చాచారు. వేళ్లు ముక్కకు తగిలీ తగలకముందే మళ్లీ వెనక్కి తీసుకున్నారు. "నువ్వు తినమ్మా, నాకు ఆకలిగా లేదు" అన్నారు. ఆ చెయ్యి వెనక్కి వెళ్లడం గుమ్మంలోంచి చూశాను బావా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మీ చెల్లెలు ఒక మంచి మాట అంది. "జావ తాగితే మామయ్యగారికి మేలని మనం అనుకుంటున్నాం. తాగిన రెండు గంటలకు ఒకసారి షుగరు చూద్దాం" అని. చూశాం. 214. నేను నమ్మలేకపోయాను. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండిని పలచగా కాచి, దాన్నొక్కదాన్నే గ్లాసుడు తాగితే అది చాలా త్వరగా అరిగి రక్తంలో కలుస్తుంది. పక్కన పప్పు, కూర ఏమీ లేకపోతే ఇంకా త్వరగా. అంటే నాలుగేళ్లపాటు ఆయనను పంక్తిలోంచి లేపి కూర్చోబెట్టాం, దానివల్ల ఒరిగిందీ లేదు. నాన్నను చూసే వైద్యుడిని నేను అడిగితే, బ్రెడ్డు అసలు ముట్టుకోవద్దని తానెప్పుడూ చెప్పలేదని, ఎంత తింటున్నారు, దేనితో కలిపి తింటున్నారు అన్నదే లెక్క అని అన్నారు.

మొదట నేను చేసిన పని, ఒక్కసారిగా అన్నీ మార్చేయడం. తెల్ల బ్రెడ్డు బదులు గోధుమ రంగు బ్రెడ్డు, బంగాళాదుంప కూర బదులు కీరా, టమాటా ముక్కలు. వెన్న అసలు లేదు. పిల్లలు సగం తిని లేచిపోయారు. అమ్మ ఒక్క ముక్క కొరికి, "ఇది ఆసుపత్రిలో పెట్టే తిండిరా, ఆదివారం కాదు" అంది. నాన్న మాత్రం అంతా తిన్నారు, నా మొహం చూసి. ఆ తినడం నాకు ఇంకా బాధ కలిగించింది.

ఆ తర్వాత బ్రెడ్డు కవరు తిప్పి చదివాను. పదార్థాల పట్టీలో ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. మొదటి పేరు శుద్ధి చేసిన గోధుమపిండి, అంటే మైదాయే. గోధుమపిండి దాని వెనక ఎక్కడో ఉంది. ఆ చివర కారమెల్ రంగు, 150 అనే సంకేత సంఖ్యతో. అందరం ఆరోగ్యమని కొన్న ఆ గోధుమ వన్నె, రంగు వేసి తెచ్చినది. కంపెనీ పేరు రాయను, అది ఒక్కటే అలా ఉందని కాదు. నువ్వు మాత్రం ఇకనుంచి కవరు వెనక వైపు చూడకుండా కొనకు. మొదటి పేరు గోధుమపిండి అయితేనే తీసుకో.

వెన్న లెక్క కూడా వేశాను. ఒక్క ఆదివారానికి మా ఇంట్లో వంద గ్రాముల ప్యాకెట్టు అయిపోయేది. వెన్నలో 80 శాతం కొవ్వే. అంటే ఆరుగురం కలిసి ఒక్క పూటలో 80 గ్రాముల కొవ్వు కేవలం పైపూతగా తినేవాళ్లం. పైగా అది ఉప్పు వెన్న. బ్రెడ్డులో ఉప్పు, కూరలో ఉప్పు, పిల్లలు అద్దుకునే సాసులో ఉప్పు. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్న మనిషికి ఆ ఒక్క పూటే దాంట్లో పెద్ద వాటా తినేస్తుంది.

ఇక అసలు సంగతి. ఒక పొద్దున పెద్దవాడిని స్కూల్లో దింపి బస్టాండు పక్క బండి దగ్గర బరా-ఘుగుని తిన్నాను. మనం పరీక్షల ముందు తిన్నది అలాంటి బండి దగ్గరే. దొన్నెలో వడలు, వాటి మీద వేడి వేడి బఠాణీల కూర, అదే ఘుగుని, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి. సగం తిన్నాక తట్టింది, ఇది బ్రెడ్డు మధ్యలోకి వెళితే ఏమవుతుంది అని. ఒడియా వాళ్ల ఇళ్లలో, మన ఇళ్లలో, బండ్ల మీద రోజూ ఉడికేదే. చిన్నప్పటినుంచి పక్కనే ఉన్నదాన్ని బ్రెడ్డుతో కలపాలని మనకెవరికీ తోచలేదు, చూశావా!

వంద గ్రాముల ఎండు బఠాణీల్లో దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఉడికి నీరు పట్టాక కూడా వందకు ఎనిమిది దాకా నిలుస్తాయి. బంగాళాదుంపలో రెండుకు మించవు. పీచు కూడా బఠాణీలోనే ఎక్కువ, అందుకే అది నిదానంగా అరుగుతుంది. నేను చేసే పద్ధతి చెబుతాను. పావుకిలో తెల్ల బఠాణీలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో చిటికెడు పసుపుతో కుక్కరులో మెత్తగా ఉడికిస్తాను. ఒక చెంచా నూనెలో జీలకర్ర, అల్లం, ఉల్లిపాయ, ఒక టమాటా వేయించి, బఠాణీలు వేసి గరిటెతో సగం నలుపుతాను. సగమే. పూర్తిగా నలిపితే ముద్దవుతుంది, నలపకపోతే బ్రెడ్డులోంచి దొర్లిపోతాయి. గరిటె తిప్పితే గిన్నె అడుగు కనిపించేంతవరకు నీరు ఇగరాలి, తడి ఉంటే బ్రెడ్డు నానిపోతుంది. చివర తురిమిన క్యారెట్టు, సన్నగా తరిగిన క్యాబేజీ వేసి పొయ్యి కట్టేస్తాను. దించాక జీలకర్ర-మిర్చి పొడి, నిమ్మరసం. నిమ్మరసం పడితే ఉప్పు తగ్గినట్టే తెలియదు. నాన్నకు ఇది చాలా పనికొచ్చింది.

అమ్మ ఒక్క ఉడికించిన బంగాళాదుంప కలపమంది. కలిపాను. కూరను అది పట్టి ఉంచుతుంది, పైగా పాత రుచి ఎక్కడో నాలుకకు తగులుతుంది. ఆరుగురికి ఒక్క దుంప, అంతే.

బ్రెడ్డు మాత్రం నన్ను బాగా కష్టపెట్టింది. బుధవారం చటికోనా సంతకు వెళ్లాను. నియమగిరి కొండల మీది నుంచి డొంగ్రియా కొంధు గిరిజనులు దిగివచ్చే సంత, నీకు తెలుసుగా. అక్కడే రెండు కిలోల మాండియా కొన్నాను, అంటే మన చోళ్లు, రాగులు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో మన రాయగడ కూడా ఉంది. ఇప్పుడు పట్టణంలో కూడా మాండియా సులువుగానే దొరుకుతుంది, కానీ సంతలో కొంటే ఆ గింజ వాసనే వేరు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అదే పాలలో 120. అమ్మ మోకాళ్లు తలచుకుని సంబరపడ్డాను. రాగి పిండి, గోధుమపిండి సగం సగం కలిపి బ్రెడ్డు చేస్తే ఇటుకలా వచ్చింది. చాకు దిగలేదు. పిండిని సాగదీసి గాలిని పట్టి ఉంచే జిగురు గోధుమలో ఉంటుంది, రాగిలో ఉండదు. రాగి ఎక్కువైతే బ్రెడ్డు పొంగదు.

నాలుగోసారికి కుదిరింది. మూడు వందల గ్రాముల గోధుమపిండి, వంద గ్రాముల రాగి పిండి, ఒక చెంచా ఈస్టు, ముప్పావు చెంచా ఉప్పు, ఒక చెంచా బెల్లం, గోరువెచ్చని నీళ్లు 280 మిల్లీలీటర్లు. పిండి తాగేదాన్ని బట్టి మరి కొంచెం. చపాతీ పిండి కంటే మెత్తగా, చేతికి కాస్త అంటుకునేలా ఉండాలి. పన్నెండు నిమిషాలు పిసకాలి. మొదట బంకమట్టిలా చేతికి చుట్టుకుంటుంది, ఎనిమిది, తొమ్మిది నిమిషాలు దాటాక ఉన్నట్టుండి చేతిని వదిలేస్తుంది. నీ ఫోను వచ్చింది సరిగ్గా అప్పుడే. రెట్టింపు పొంగాక అచ్చులో పెట్టి, మళ్లీ పొంగనిచ్చి, చిన్న ఓవెనులో 200 డిగ్రీల మీద నలభై నిమిషాలు కాలుస్తాను. వేడిగా ఉండగా కోయకూడదు. అందుకే శనివారం రాత్రి కాల్చి ఆదివారం సాయంత్రం కోస్తాను. ఓపిక లేని వారం నిజమైన గోధుమ బ్రెడ్డు కొంటాను, దానికి నేనేమీ బాధపడను.

లోపల పూతకు, పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగులో కొత్తిమీర, వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి నూరి కలుపుతాను. వెన్న పని సగం అదే చేస్తుంది. ఇక వెన్న గురించి అమ్మతో పెద్ద చర్చే జరిగింది. ఆమె మాటే నెగ్గింది, నెగ్గడం మంచిదే అయింది. టోస్టరు పలకలకు బ్రష్షుతో నూనె చుక్కలు రాసి కాలుస్తాం. దించిన తర్వాత, బ్రెడ్డు పొగలు కక్కుతుండగా, పావు చెంచా వెన్న పైన రాస్తాం. కాగిపోకుండా పైనే ఉంటుంది కాబట్టి వాసన ముందు దానిదే తగులుతుంది. వంద గ్రాముల ప్యాకెట్టు ఇప్పుడు ఐదారు వారాలు వస్తోంది.

నీకు కీమా లేకపోతే తిన్నట్టుండదని తెలుసు. సగం కీమా, సగం ఉడికిన శనగపప్పు కలిపి ఇదే పద్ధతిలో చేసుకో, కొవ్వు లేని మాంసం అడిగి కొట్టించుకో.

మొదటిసారి అన్నీ కుదిరిన రోజు నాన్నను నేను పిలవలేదు. కంచాలు ఆరు పెట్టాను, అంతే. ఆయన గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టారు. తర్వాత వచ్చి, తన పాత చోట, కిటికీ పక్కన పీట వాల్చుకుని కూర్చున్నారు. ముందు పెద్ద గిన్నెడు కీరా, టమాటా ముక్కలు తిని, ఆ తర్వాత ఒక శాండ్‌విచ్ తిన్నారు. మునుపు మూడు తినేవారు. కొరికినప్పుడు ఆ అంచు పటుక్కున విరిగిన చప్పుడు నాకు పొయ్యి దగ్గరికి వినిపించింది. రెండు గంటల తర్వాత చూస్తే 162. ఒక్కరోజు అంకెను నమ్మలేం కదా, వరుసగా నాలుగు ఆదివారాలు చూశాం, ఒక్కసారి కూడా 175 దాటలేదు. ఆయన మందులు, సాయంత్రం నడక ఎప్పటిలాగే ఉన్నాయి, వాటిలో ఏ మార్పూ చేయలేదు.

ఇవాళ నాన్న రెండో త్రికోణం సగం విరిచి చిన్నదాని కంచంలో వేశారు. అది అంచు మాత్రం తిని, మిగతాది తిరిగి ఆయనకే ఇచ్చింది. అచ్చం నీ బుద్ధే.

ఇక్కడ ఒకే ఒక్క ఇబ్బంది ఉంది. టోస్టరులో ఒకసారికి ఒక్కటే పడుతుంది. ఆరో మనిషికి కాల్చేసరికి మొదటివాళ్లది చల్లారిపోతోంది, అందరం ఒకేసారి తినడం కుదరడం లేదు. మన అమ్మలిద్దరూ ఒకే రోజు, ఒకే కొట్లో అలాంటివి చెరొకటి కొన్నారు, గుర్తుందా? మీది విజయనగరం ఇంటి అటక మీదే ఉండాలి. అత్తయ్యను అడిగి వెతికించు. దసరాకు వస్తానన్నావు కదా, అప్పుడు పట్టుకురా. పిడి వదులైనా ఫర్వాలేదు, ఇక్కడ బిగించుకుంటాను. శనివారం సాయంత్రానికల్లా చేరేలా బయలుదేరు, పిండి పిసకడానికి ఇంకో రెండు చేతులు కావాలి.

అక్కయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ
బావ