ఆ అర మిల్లీమీటరు కోసం

మూడు నెలల కిందట "కార్టిలేజ్ పల్చగా కోయడం నా వల్ల కావట్లేదు, ఎవరైనా చెప్పండి" అని సిగ్గు విడిచి అడిగాను. ఫోన్లు చేసినవాళ్లకి, వీడియోలు పంపినవాళ్లకి, తిట్టి మరీ నేర్పినవాళ్లకి థాంక్స్ చెప్పడం ఇవాళ్టికి కుదిరింది.

ఈఎన్‌టీ కాని మిత్రుల కోసం రెండు ముక్కలు. కర్ణభేరికి పెద్ద చిల్లు పడినా, ఒకసారి వేసిన అతుకు నిలవకపోయినా, కణత దగ్గరి ఫాసియా పొరకి బదులు చెవి ముందు బుడిపెలోంచి, అంటే ట్రేగస్ నుంచి, కార్టిలేజ్ (మృదులాస్థి) తీసి పెడతాం. ఫాసియాలా అంత తేలిగ్గా ముడుచుకోదు, లోపలికి పీక్కుపోదు. చిక్కంతా మందంతోనే. అది దాదాపు 1 మిల్లీమీటరు ఉంటుంది, అసలు కర్ణభేరేమో అందులో పదో వంతు. 0.5కి తెస్తే బిగువూ ఉంటుంది, శబ్దమూ బాగా దాటుతుంది. ఇదంతా పుస్తకంలో చదివిందే, కానీ నా చేత్తో కోస్తే ఒక వైపు కాగితం, ఇంకో వైపు అట్ట!

పీజీలో నా సీనియర్ అక్క నా వీడియో చూసి మొదట నవ్వింది. తర్వాత అసలు తప్పు పట్టుకుంది: రెండు వైపులా పెరికాండ్రియం, అంటే కార్టిలేజ్‌ని కప్పి ఉండే పొర, ఒలిచేస్తున్నాను, అందుకే ముక్క విరుగుతోంది. "ఒక వైపు పొర ఉంచరా, అంచున కాస్త ఎక్కువ వదిలితే చెవి గొట్టం గోడ మీద పరుచుకోవచ్చు. నూనెలో అప్పడంలా వంకర తిరిగితే కంగారుపడకు, పైపైన గాట్లు పెట్టు" అంది. ట్రేగస్ కొసన 2 మిల్లీమీటర్లు వదలమని కూడా చెప్పింది, లేకపోతే బుడిపె ఆకారం పోయి పేషెంటుకి ఇయర్‌ఫోన్స్ నిలబడవట!

ఇక కార్టిలేజ్‌ని పల్చగా కోసే పరికరం, స్లైసర్, కొనే స్తోమత మా ఆసుపత్రికి లేదు. ఆటోనగర్‌లో లేత్ నడిపే అన్న స్టీలు పలక మీద అర మిల్లీమీటరు లోతు గాడి తీసిచ్చాడు. ఆటోక్లేవ్ చేసి, అంటే ఆవిరితో క్రిములు పోగొట్టి, గాడిలో కార్టిలేజ్ పెట్టి, పలక మీద బ్లేడు ఆనించి జరపడమే. కొలత నేనే తప్పు చెప్పి నాలుగుసార్లు తిప్పాను, విసుక్కుంటూనే చేశాడు పాపం.

ఆ పలకతో చేసిన మొదటి కేసుకి ఆరు వారాలు నిండాయి. గ్రాఫ్ట్, అంటే వేసిన అతుకు, పట్టింది, చెవి పొడిగా ఉంది. వినికిడి పరీక్ష వచ్చే నెల.

ఎవరికైనా అలాంటి పలక కావాలంటే చెప్పండి, అన్న చేసిస్తానన్నాడు. కొలత మాత్రం ఒకేసారి చెప్పాలట.