పనిచోటు చూడని పట్టాలు: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. పారిశ్రామిక, సంస్థాగత మనస్తత్వశాస్త్రంలో పీజీ విద్యార్థులకు చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాను. మనుషులు పనిచేసే తీరు గురించి మా పిల్లలు రెండేళ్లు చదువుతారు. ఆ రెండేళ్లలో పనిచేసే మనిషి పక్కన కూర్చుని ఆ పని చూసేది మాత్రం చాలా తక్కువ. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు అని ఒకటి ఉంటుంది. ఉద్యోగ సంతృప్తి మీద ఎవరో ఎప్పుడో తయారుచేసిన ప్రశ్నావళిని తెలిసినవాళ్ల ఫోన్లకు పంపుతారు, వచ్చిన జవాబులను సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు, బైండింగ్ చేయించి ఇస్తారు. మార్కులు పడతాయి, పట్టా వస్తుంది.

ఫీల్డ్ వర్క్‌ను చివరి సెమిస్టర్ లాంఛనంగా మిగల్చకుండా మొదటి సెమిస్టర్ నుంచే కోర్సుకు వెన్నెముకగా చెయ్యమని, అందుకోసం ప్రభుత్వ కార్యాలయాల్లోకి మా విద్యార్థులను రానివ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈ సబ్జెక్టు పేరు వినగానే కొందరు హెచ్‌ఆర్ అనుకుంటారు, కొందరు ఉద్యోగులకు కౌన్సెలింగ్ అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఒక ఉద్యోగానికి ఎవరిని తీసుకోవాలి, తీసుకున్నవాళ్లకు ఏం నేర్పాలి, వాళ్ల పనిని ఎలా కొలవాలి, వాళ్లెందుకు విసిగిపోతారు, ఎందుకు మానేసి వెళ్లిపోతారు - వీటికి ఊహతో కాకుండా కొలతతో జవాబు వెతికే చదువు ఇది. ప్రభుత్వాన్ని మించి మనుషులను పనిలోకి తీసుకునే సంస్థలు అరుదు కాబట్టి ఇది అందరికంటే ముందు మీకు పనికొచ్చే చదువు.

మా సిలబస్‌లో పేరున్న అధ్యయనాలు చాలావరకు ఏదో ఒక పనిచోట పుట్టినవే. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బాంఫోర్త్ బ్రిటన్ బొగ్గు గనుల మీద రాసిన వ్యాసాన్నే తీసుకోండి. బాంఫోర్త్ గని కార్మికుడిగా పనిచేసి వచ్చినవాడు. పాత పద్ధతిలో కొద్దిమంది కలిసి ఒక ముఠాగా దిగి, తవ్వడం నుంచి ఎత్తి పంపడం దాకా అంతా వాళ్లే చూసుకునేవారు. యంత్రాలు వచ్చాక పనిని ముక్కలు చేశారు. ఒక షిఫ్టు కోస్తుంది, ఇంకొకటి ఎత్తుతుంది, మరొకటి తర్వాతి రోజుకు సిద్ధం చేస్తుంది. ముందు షిఫ్టు వదిలేసిన లోపం తర్వాతి షిఫ్టు నెత్తిన పడుతుంది, అడగడానికి వాళ్లు అక్కడ ఉండరు. యంత్రం మెరుగైనదే అయినా ఆశించిన ఉత్పత్తి రాలేదు, గైర్హాజరు పెరిగింది. యంత్రాన్నీ మనుషుల మధ్య సంబంధాన్నీ విడివిడిగా మార్చలేమన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. చీకట్లో, ఇరుకులో, ఆ షిఫ్టు మారే సమయం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే బాంఫోర్త్‌కు అది కనిపించింది.

మా పరీక్షల్లో ఇది పదిహేను మార్కుల ప్రశ్న. నాలుగు పేజీలు రాస్తారు. రాసిన పిల్లల్లో షిఫ్టు మారడం కళ్లారా చూసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు.

హాథోర్న్ సంగతి ఇంకా విడ్డూరం. 1924లో చికాగో దగ్గరి హాథోర్న్ ఫ్యాక్టరీలో మొదలైన ఆ ప్రయోగాల గురించి, దీపాల వెలుతురు పెంచినా ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగింది, తమను గమనిస్తున్నారని తెలియడమే కారణం అని దశాబ్దాలుగా బోధిస్తున్నాం. స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ వెలుతురు ప్రయోగాల అసలు లెక్కలను వెతికి పట్టుకుని మళ్లీ పరిశీలించి 2011లో ప్రచురించారు. అందరూ చెప్పుకునేంత నాటకీయమైన ఫలితం ఆ లెక్కల్లో లేదు. అయినా జవాబు పత్రాల్లో పాత కథే వస్తుంది, పూర్తి మార్కులూ దానికే వస్తాయి.

ఇప్పుడు ఇంటర్వ్యూల విషయానికి వస్తాను, మీకు బాగా దగ్గరి విషయం కాబట్టి. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అప్పటిదాకా జరిగిన 85 ఏళ్ల పరిశోధనలను కూడదీసి, ఏ ఎంపిక పద్ధతి మనిషి పనితీరును ఎంతవరకు ముందే చెప్పగలదో ఒక పట్టిక ఇచ్చారు. సున్నా అంటే ఏమీ చెప్పలేనట్టు, ఒకటి అంటే తూచినట్టు చెప్పినట్టు. అందులో తెలివితేటలను కొలిచే మానసిక సామర్థ్య పరీక్షకు 0.51, ముందే ప్రశ్నలు, మార్కుల పద్ధతి రాసిపెట్టుకుని అందరినీ అవే అడిగే ఇంటర్వ్యూకు కూడా 0.51. నోటికొచ్చింది అడిగే మామూలు ఇంటర్వ్యూకు 0.38. ప్రపంచమంతా ఈ పట్టికను బట్టీ పట్టింది. మా విద్యార్థులూ పట్టారు.

2022లో పాల్ సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కను మళ్లీ వేశారు. మానసిక సామర్థ్య పరీక్ష 0.31కి దిగింది. పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూ 0.42తో పైకి వచ్చింది. మామూలు ఇంటర్వ్యూ 0.19కి పడిపోయింది. ఎందుకిలా? వంద మంది పరీక్ష రాస్తే పదిమందిని తీసుకుంటాం. పనితీరు మనకు తెలిసేది ఆ పదిమందిదే. మిగతా తొంభై మంది ఎలా పనిచేసేవాళ్లో ఎప్పటికీ తెలియదు. ఆ పదిమందీ దాదాపు ఒకే స్థాయివాళ్లు కాబట్టి పరీక్ష మార్కులకూ పనితీరుకూ సంబంధం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఒక గణిత సవరణ ఉంది. చాలా చోట్ల అవసరం లేకపోయినా, సరైన ఆధారం లేకపోయినా ఆ సవరణను ఎక్కువగా వాడి అంకెలను ఉబ్బించారన్నది సాకెట్ బృందం వాదన. ఇంకా చర్చ నడుస్తోంది, నడవాలి కూడా.

మంత్రిగారూ, ఈ రెండు పట్టికల మధ్య ఏం జరిగిందో వివరించగలవాడే ఈ కోర్సు చదివినట్టు లెక్క. అంకెలు అప్పజెప్పినవాడు కాదు. స్టాటిస్టిక్స్ అంటే పిల్లలకు టెన్షన్, అది తగ్గించి మోటివేషన్ సిద్ధాంతాలు పెంచుదాం అని సిలబస్ సమావేశాల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. టెన్షన్ నిజమే. కానీ తన ముందున్న అంకెలు ఎవరివో తెలిస్తే సగం భయం పోతుంది. తను స్వయంగా సేకరించిన నలభై మంది పనితీరు రేటింగులతో కూర్చున్న విద్యార్థి, పుస్తకం వెనక లెక్కతో కూర్చున్న విద్యార్థిలా ఉండడు. ప్రశ్నలు వాడే అడుగుతాడు.

మామూలు ఇంటర్వ్యూ గురించి ఇంకొక్క మాట. 2013లో జేసన్ డేనా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ ప్రచురించిన ప్రయోగంలో, ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లు కొన్నిసార్లు ప్రశ్నతో సంబంధం లేకుండా ఒక పద్ధతి ప్రకారం అవుననో కాదనో చెప్పుకుంటూ పోయారు. అడిగేవాళ్లు పసిగట్టలేదు. పైగా ఎదుటి మనిషి తమకు అర్థమయ్యాడనే అనుకున్నారు. మనిషిని చూడగానే చెప్పేస్తా అనే పెద్దలు ప్రతి సెలక్షన్ కమిటీలోనూ ఉంటారు కదా.

ఫీల్డ్ వర్క్ అంటే ఏం చేయిస్తారని మీ అధికారులు అడగవచ్చు. మొదట జాబ్ అనాలిసిస్. ఒక ఉద్యోగంలో నిజంగా ఏం జరుగుతుందో చూసి రాయడం. మా విద్యార్థిని ఒకామె దరఖాస్తులు తీసుకునే కౌంటర్ దగ్గర కూర్చుంది. ఉద్యోగ వివరణ కాగితంలో 'దరఖాస్తులు స్వీకరించుట, నమోదు చేయుట' అని ఉంది. ఆమె రాసుకున్నది వేరు. వచ్చిన మనిషికి ఏ ఫారం కావాలో అతనికే తెలియదు. గుమస్తా రెండు మూడు ప్రశ్నలతో అది తేలుస్తాడు. తక్కువ పడ్డ కాగితాల పేర్లు చిన్న చీటీ మీద రాసి ఇస్తాడు, లేకపోతే మనిషి మళ్లీ తప్పు కాగితంతోనే వస్తాడు. చదవడం రానివాళ్లకు ఆ చీటీ మీద గుర్తులు వేస్తాడు. వెనక వరుసలో గొంతు పెరిగితే తలెత్తకుండానే ముందు అతన్ని పలకరిస్తాడు. ఆ ఉద్యోగానికి పెట్టిన ఎంపిక పరీక్షలో ఉన్నవి లెక్కలు, వ్యాకరణం, సాధారణ జ్ఞానం. ఆమె తన నోట్సు పక్కన ఆ ప్రశ్నపత్రం పెట్టుకుని చూసింది. వ్యాలిడిటీ అంటే, అంటే పరీక్ష కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది, ఏమిటో ఆ తర్వాత ఆమెకు నేను వేరే చెప్పాల్సిన పని పడలేదు.

జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన పద్ధతి ఒకటుంది: ఈ పనిలో బాగా చేసిన సందర్భం ఒకటి, చెడగొట్టిన సందర్భం ఒకటి చెప్పమని ఉద్యోగులను అడిగి, ఆ సంఘటనల నుంచి పనికి కావలసిన గుణాలు తేల్చడం. ఖర్చు లేదు. ఓపికగా వినే చెవి, తు.చ. తప్పకుండా రాసే చెయ్యి కావాలి. ఇవి క్లాసు గదిలో రావు.

పనితీరు మదింపు సంగతీ అంతే. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే చూపించాడు: అధికారులు కింది వాళ్లకు తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, నడవడిక అని విడివిడిగా మార్కులు వేసినా, అన్నీ ఒకే గీతలో పడతాయి. నచ్చినవాడికి అన్నీ ఎక్కువే. ఇక ఆ మార్కులు చెప్పి మనిషిని మెరుగుపరుస్తామన్న నమ్మకం మాటకొస్తే, 1996లో అవ్రహామ్ క్లూగర్, ఆంజెలో డెనీసీ ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాల్లోని 607 ఫలితాలను కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని ఇంకా పాడైంది. మాట పని మీద నుంచి మనిషి మీదికి జరిగే కొద్దీ ఉపయోగం తగ్గుతుందని వాళ్ల వివరణ. ఏటా ఫారాలు నింపించే ప్రతి శాఖా ఈ మూడో వంతు సంగతి ఆలోచించాలి.

ఉద్యోగ దరఖాస్తులను సాఫ్ట్‌వేర్ వడపోస్తున్న కాలం ఇది. అమెజాన్ తయారుచేసుకున్న అలాంటి ఒక పరికరం ఆడవాళ్ల దరఖాస్తులను తక్కువ చేస్తోందని తేలి, దాన్ని పక్కన పెట్టేసినట్టు 2018లో వార్తలొచ్చాయి. పాత నియామకాల నుంచి నేర్చుకుంది, పాత పక్షపాతమే నేర్చుకుంది. ఇలాంటి సరుకు అమ్మడానికి మీ శాఖకూ ఎవరో ఒకరు వస్తారు. మీ తరఫున కూర్చుని, 'దేన్ని పనితీరుగా తీసుకుని దీనికి నేర్పారు?' అని అడిగే మనిషిని తయారుచేయడం మా పని.

సంస్థలు రానివ్వవు అని అందరూ అనేదే. ప్రైవేటు కంపెనీలకు తమ లోపలి సంగతులు బయటపడతాయన్న భయం ఉంటుంది, కాదనను. ప్రభుత్వ కార్యాలయానికి ఆ సాకు అంతగా కుదరదు. అయితే మా వైపు నుంచీ ఒక షరతు ఉంది. విద్యార్థి నివేదిక ఇచ్చాక ఆఫీసు పెద్ద మొట్టమొదట అడిగే ప్రశ్న తెలుసా? 'ఈ మాటన్నది ఎవరు?' అని. చెప్పకూడదు. ఎంత ఒత్తిడి వచ్చినా చెప్పకూడదు. ఉద్యోగి పేరు బయటికి రాదని, నివేదిక ఎవరి క్రమశిక్షణ చర్యకూ వాడరని ముందే రాతపూర్వకంగా ఉండాలి. అది మీ స్థాయిలో ఒక ఉత్తర్వుగా వస్తేనే నిలబడుతుంది. గైడ్‌గా ఉన్న అధ్యాపకులకు ఫీల్డ్‌లో గడిపే గంటలను బోధన గంటలుగా లెక్కించాలి. లేకపోతే మేం కూడా సంతకాలకే పరిమితమవుతాం. మూల్యాంకనంలో మూడు గంటల రాతపరీక్ష వాటా తగ్గించి, విద్యార్థి తన ఫీల్డ్ నోట్సు ముందు పెట్టుకుని బయటి నిపుణుడికి జవాబు చెప్పే మౌఖిక పరీక్షకు ఎక్కువ మార్కులు ఇవ్వాలి.

అన్ని విశ్వవిద్యాలయాల్లో ఒకేసారి చెయ్యమని అడగను. మీ శాఖలోనే త్వరలో భర్తీ చేయబోయే ఒక పోస్టు చెప్పండి, ఎంత చిన్నదైనా సరే. ప్రకటన ఇవ్వడానికి ముందు మా విద్యార్థులు ఆ పని చేస్తున్నవాళ్లతో కూర్చుని జాబ్ అనాలిసిస్ చేస్తారు, దాన్ని బట్టి ఇంటర్వ్యూ ప్రశ్నలు, మార్కుల కొలమానం రాసి మీకు ఇస్తారు. మీ కమిటీ తన పాత పద్ధతిలో వేసే మార్కులు కూడా వేసుకోనివ్వండి. ఏడాది తర్వాత, చేరినవాళ్ల పనితీరుతో రెండింటినీ పోల్చి చూద్దాం. మా పద్ధతి ఓడిపోతే ఆ నివేదిక కూడా మా విద్యార్థులే రాస్తారు.

ఇట్లు,
పీజీ విద్యార్థులకు పారిశ్రామిక, సంస్థాగత మనస్తత్వశాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు