నవ్వించే నవలంటే చిన్నచూపెందుకు?

టీనేజీ పిల్లల నవలల్లో తాగుడు, ఇంటి గొడవలు, చావు, ఒంటరితనం ఉంటే బరువైన సాహిత్యమనీ, అవే కష్టాలు నవ్విస్తూ చెబితే వట్టి కాలక్షేపమనీ సమీక్షకులూ, గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసేవారూ తేల్చేయడం సరికాదు. పిల్లలతో పుస్తకాలు చదివించే పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను: పేజీ పేజీకీ కన్నీళ్లే కారే నవలను పద్నాలుగేళ్ల పిల్ల సగంలోనే పక్కన పడేస్తుంది. ఇంట్లో నిజంగా అలాంటి కష్టమే ఉన్న పిల్లయితే ఇంకా ముందే. కష్టంలో ఉన్నంత మాత్రాన ఆ వయసువాళ్లు జోకులు మానేయరు, కొందరైతే ఇంకాస్త ఎక్కువే వేస్తారు. బ్రిటిష్ రచయిత్రి స్యూ టౌన్‌సెండ్ రాయగా 1982లో వచ్చిన నవలలో ఏడ్రియన్ మోల్ అనే కుర్రాడు తన మొటిమల గురించీ, తన మేధావితనం గురించీ డైరీలో తెగ రాసుకుంటుంటాడు. తల్లిదండ్రుల కాపురం బీటలు వారుతున్న సంగతి మాత్రం అతనికన్నా ముందు మనకే తెలిసిపోతుంది. నవ్వొచ్చేదీ అక్కడే, దిగులేసేదీ అక్కడే. పాత్ర బాధనే ఎగతాళి చేసే చవకబారు హాస్యం వేరు (దాన్ని పిల్లలు ఇట్టే పసిగడతారు, పెద్దలకే ఆలస్యమవుతుంది). అందుకే ఎంపిక సంఘాల్లో ఆ వయసు పాఠకులకూ చోటివ్వాలి. వెనక అట్ట మీద సమస్యల చిట్టా చూసి కాక, పుస్తకం మొత్తం చదివాకే నిర్ణయించాలి. ప్రచురణకర్తలు కూడా చివరి అధ్యాయంలో నీతిబోధ చేర్చమని రచయితల వెంట పడకూడదు.