ప్రకృతి వైద్యం పేదల గడప తొక్కాలి

సంపాదకులకు నమస్కారం.

మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అమ్మను పోయిన నెలలో ఒక ప్రకృతి చికిత్సాలయానికి తీసుకెళ్లాను. మా పక్కన కూర్చున్న, కూలిపని చేసుకునే ఆవిడ చేతిలో ఆహార పట్టిక పెట్టారు. మొత్తం ఇంగ్లీషులో ఉంది. నేనే చదివి చెప్పాను: పొద్దున బూడిద గుమ్మడి రసం, పదకొండుకు కొబ్బరినీళ్లు, మధ్యాహ్నం పచ్చికూరల సలాడ్, సాయంత్రం పండ్లు. ఆవిడ కాసేపు ఆ కాగితం వంకే చూసి, "ఏడింటికల్లా పనిలోకి పోవాలమ్మా, ఇవన్నీ ఎక్కడ తెచ్చేది?" అంది. ఇంట్లో ఏం వండుకుంటావని ఆమెను ఎవరూ అడగలేదు. రాగి అంబలి, జొన్న రొట్టె, తోటకూర, మునగాకు మంచి ఆహారమే కదా!

తొట్టి స్నానానికి మూడు మెట్లెక్కాలి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ల సంగతేమిటి? ఆరోజు మట్టి పట్టీ వేయడానికి మహిళా సిబ్బంది లేరు. బురఖాలో వచ్చిన ఓ అమ్మాయి వెనక్కి వెళ్లిపోయింది. చాలా బాధేసింది.

1946లో గాంధీజీ పుణె దగ్గరి ఉరులికాంచన్ పల్లెలో ప్రకృతి చికిత్స మొదలుపెట్టింది పేదవాళ్ల కోసమే. ఏటా నవంబర్ 18న ప్రకృతి వైద్య దినోత్సవం జరుపుకుంటున్నాం. ఈసారి ఆ రోజుకైనా తెలుగు పట్టికలు, ర్యాంపులు, మహిళా సిబ్బంది ఉండేలా ఆయుష్ అధికారులు చూడాలి. కూలి పోగొట్టుకోకుండా రావడానికి సాయంత్రం ఓపీ కూడా పెట్టాలి.

— ఒక పాఠకురాలు, తెనాలి