ఆ వ్యాసంలో పడమర కనిపించలేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధంపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మరాఠీ మాధ్యమంలో చదువుకునే మా సిరొంచ పిల్లలకు ఇంటి భాషలో చరిత్ర అందేది కాళేశ్వరం వంతెన దాటి వచ్చే తెలుగు పత్రికల్లోనే కాబట్టి, ఆ వ్యాసంలోని ప్రధాన నిర్ణయంతో విభేదిస్తూ ఈ లేఖ రాస్తున్నాను. యుద్ధానికి మూలం రాష్ట్రాల హక్కులు, దిగుమతి సుంకాలేననీ, బానిసత్వం తరువాత వచ్చి చేరిందనీ వ్యాసకర్త తేల్చారు. పశ్చిమ విస్తరణను మాత్రం సంబంధం లేని విషయంలా రెండు వాక్యాల్లో ముగించారు. అసలు తగవు పుట్టింది అక్కడే.

1803లో ఫ్రాన్సు నుంచి 1.5 కోట్ల డాలర్లకు లూసియానా ప్రాంతాన్ని కొనడంతో అమెరికా వైశాల్యం దాదాపు రెట్టింపయింది. అంతకు పదేళ్ల ముందు ఎలీ విట్నీ తయారుచేసిన, పత్తి నుంచి గింజలను వేరుచేసే జిన్నింగ్ యంత్రం పత్తి సాగును లాభసాటిగా మార్చడంతో, దక్షిణాది భూస్వాములకు కొత్త నేలా కావలసివచ్చింది, దాన్ని సాగుచేసే బానిసలూ కావలసివచ్చారు. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసల సంఖ్య 1860 నాటికి 40 లక్షలకు చేరువైంది. కొత్తగా చేరిన ప్రాంతం ఏనాటికైనా రాష్ట్రమై ఎగువ సభ అయిన సెనేట్‌కు ఇద్దరిని పంపుతుంది గనుక, అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్నది దేశాన్ని ఎవరు ఏలాలన్న ప్రశ్నగా మారింది. 1820 నాటి మిస్సోరీ ఒప్పందం లూసియానా నేలలో, మిస్సోరీ మినహా, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. 1848లో మెక్సికో నుంచి కాలిఫోర్నియా మొదలైన విశాల భూభాగం చేతికి రాగానే పాత తగవు మళ్లీ రాజుకుంది. 1854 కాన్సస్-నెబ్రాస్కా చట్టం ఆ హద్దును రద్దుచేసి, నిర్ణయాన్ని అక్కడ స్థిరపడేవారికే వదిలింది. మరుసటి ఏడాది మిస్సోరీ నుంచి ఆయుధాలతో వచ్చినవారు కాన్సస్ ఎన్నికల్లో ఓట్లు వేయగా, ఉన్న ఓటర్లకు రెట్టింపు కంటే ఎక్కువ ఓట్లు పోలయ్యాయి. (జివతి, కెరమెరి మధ్య మహారాష్ట్ర, తెలంగాణ రెండింటిలోనూ ఓటున్న గ్రామాలను ఎరిగిన మాకు సరిహద్దు ఓటు వింత కాదు గాని, తుపాకి పట్టుకొని వచ్చే ఓటు సంగతి వేరు.) కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసుకు లేదని 1857లో, స్వేచ్ఛ కోరిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక రాజీ మార్గమూ మూసుకుపోయింది.

రాష్ట్రాల హక్కుల వాదాన్ని దక్షిణాది పత్రాలే ఖండిస్తాయి. పారిపోయిన బానిసలను కేంద్ర అధికారులే పట్టి అప్పగించాలన్న 1850 చట్టాన్ని పట్టుబట్టి తెప్పించుకున్నది దక్షిణాదే. 1860 డిసెంబరు 20న దేశం నుంచి అందరికంటే ముందు విడిపోయిన సౌత్ కరోలినా తన ప్రకటనలో, ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకొని ఆ అప్పగింతను అడ్డుకుంటున్నాయని ఆరోపించింది. తోటి రాష్ట్రాలు తమ హక్కును వాడుకోవడమే తప్పన్న పత్రాన్ని రాష్ట్రాల హక్కులకు సాక్ష్యంగా ఎలా చూపగలరో నాకు బోధపడలేదు. లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికైంది కూడా బానిసత్వాన్ని అంతటా రద్దుచేస్తానని కాదు, కొత్త ప్రాంతాలకు పాకనివ్వనని. ఆ మాత్రానికే ఆయన 1861 మార్చి 4న ప్రమాణం చేసేలోపే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. ఇక సుంకాలంటారా, 1857లో అవి తగ్గాయి.

పడమటి నేల జనం లేనిదన్న చిత్రణ కూడా సరికాదు. ఆదివాసులను పడమరకు తరలించే 1830 చట్టం తరువాత చెరోకీ, క్రీక్ తెగలను వెళ్లగొట్టిన జార్జియా, అలబామా భూముల్లోనే పత్తి తోటలు విస్తరించాయి. 1838లో మొదలైన తరలింపులో వేలాది చెరోకీలు మరణించారు. వలసదారులకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే చట్టం వచ్చిన 1862లోనే, డిసెంబరులో డకోటా తెగకు చెందిన 38 మంది పురుషులను లింకన్ అనుమతితో ఉరితీశారు. మరణశిక్ష పడిన 303 మందిలో మిగిలిన చాలామందిని ఆయనే ఉరి నుంచి తప్పించారన్నదీ నిజమే. గోండు, మాడియా గూడేల పక్కన బతికే మాకు ఇది దూరపు కథగా తోచదు.

మా ప్రాణహిత నదికీ ఆ యుద్ధంతో సంబంధం ఉంది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో, తన పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అక్కడి నుంచే తెచ్చుకునే బ్రిటన్‌లో మిల్లులు మూతపడి, విదర్భలోని బేరార్, హింగన్‌ఘాట్ పత్తికి గిరాకీ పెరిగింది. ఆ పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి చేర్చాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచన అంతకు ముందుదే అయినా, దానికి బలం చేకూరింది ఆ కాలంలోనే. 1860లో నిజాం నుంచి బ్రిటిషువారికి దక్కిన సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి దగ్గరి రాతి అడ్డంకులను దాటించే పనులు సాగుతుండగానే యుద్ధం ముగిసి అమెరికా పత్తి తిరిగి వచ్చింది, 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. 1871లో పనులు ఆగిపోయాయి.

వ్యాసంతో పాటు ఇచ్చిన పటంలో ఉత్తర, దక్షిణాలకు మాత్రమే రంగు వేసి, మిసిసిపీకి పడమటి భాగాన్ని తెల్లగా వదిలేశారు. ఇక్కడి బడులలో ఇటువంటి పటాలను గోడకు అంటించుకుంటారు గనుక, 1820 హద్దును, 1848లో చేరిన నేలను, కాన్సస్‌ను, చెరోకీలను తరలించిన ప్రాంతాన్ని గుర్తించి దానిని మళ్లీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర